డొమైన్ పేరు చెబితే చెల్లింపు దారి దొరకాలి: డీఎన్‌ఎస్ రికార్డులతో చెల్లింపు సేవలను కనిపెట్టే పద్ధతి

ఈమెయిల్ పంపేటప్పుడు అవతలివారి మెయిల్ సర్వర్ ఎక్కడుందో మనం అడగం. చిరునామాలో @ గుర్తు తర్వాత ఉన్న డొమైన్ పేరు చాలు. మన వైపు సర్వర్ ఆ డొమైన్‌కు చెందిన ఎంఎక్స్ రికార్డును డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల వివరాలు చెప్పే ఇంటర్నెట్ చిరునామా పుస్తకంలో చూసి, ఉత్తరాన్ని ఎక్కడికి చేర్చాలో తానే తెలుసుకుంటుంది. గ్రహీత రేపు మెయిల్ సేవను మార్చుకున్నా చిరునామా మారదు, పంపేవారికి ఆ సంగతి తెలియనక్కర్లేదు.

డబ్బు విషయంలో ఈ సౌకర్యం ఇంకా అందరికీ అందలేదు. ఖాతా సంఖ్యో, ఫలానా కంపెనీ ఇచ్చిన గుర్తింపో, పొడవైన క్రిప్టో చిరునామానో అడిగి తీసుకోవాలి. గ్రహీత సేవను మార్చుకుంటే పాత వివరాలన్నీ చెల్లని కాగితాలవుతాయి. ఈమెయిల్‌కు ఎంఎక్స్ చేసే పనిని చెల్లింపులకు కూడా డీఎన్‌ఎస్ చేయగలదు. అందుకు కావలసిన రికార్డులన్నీ ఇప్పటికే ప్రమాణాలుగా ఉన్నాయి. అయితే దారి తప్పిన ఉత్తరం వేరు, దారి తప్పిన డబ్బు వేరు. అందుకే ఈ వ్యాసంలో రికార్డు రాయడం కంటే దాన్ని నమ్మదగినదిగా చేయడానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక్క మాట: ఉదాహరణలను ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాను. జోన్ ఫైలులో (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలు) గానీ, డీఎన్‌ఎస్ సేవ ఇచ్చే కంట్రోల్ ప్యానెల్‌లో గానీ వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే రాయాలి.

డీఎన్‌ఎస్ నిజంగా అవసరమా అని ముందు తేల్చుకోండి

డొమైన్ పేరు నుంచి చెల్లింపు సేవను చేరుకోవడానికి వెబ్ దారి కూడా ఉంది. నిజానికి ఎక్కువ వాడుకలో ఉన్నది అదే. ప్రతి వెబ్‌సైట్‌లో కొన్ని స్థిరమైన చిరునామాలను ప్రత్యేక అవసరాలకు కేటాయించే "వెల్‌-నోన్" పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 8615 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్వచించింది. వేర్వేరు చెల్లింపు వ్యవస్థలను కలిపే ఇంటర్‌లెడ్జర్ వారి పేమెంట్ పాయింటర్ డాలర్ గుర్తుతో మొదలయ్యే చిన్న చిరునామా. దానిలో డొమైన్ పేరు తప్ప మరేమీ లేకపోతే, సాఫ్ట్‌వేర్ ఆ వెబ్‌సైట్‌లోని /.వెల్‌-నోన్/పే అనే చోటికి వెళుతుంది. బిట్‌కాయిన్ లైట్నింగ్ నెట్‌వర్క్‌లో వాడే లైట్నింగ్ అడ్రస్ కూడా ఇదే కోవలోది. చూడటానికి ఈమెయిల్‌లా ఉంటుంది గానీ, లోపల జరిగేది వెబ్ అభ్యర్థనే. 2022 సెప్టెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన పేమెంట్ రిక్వెస్ట్ ఏపీఐలోనూ చెల్లింపు పద్ధతికి వెబ్ చిరునామానే గుర్తింపుగా వాడవచ్చు. దాని వివరాల పత్రం ఎక్కడుందో ఆ వెబ్ సర్వరే బ్రౌజర్‌కు చెబుతుంది.

మీకు ఇప్పటికే వెబ్ సర్వర్ ఉండి, చెల్లించేవారు బ్రౌజర్ నుంచే వస్తారనుకుంటే ఈ దారి చాలు. అలాంటప్పుడు డీఎన్‌ఎస్‌ను తెచ్చి తగిలించడం అనవసరమైన బరువు.

డీఎన్‌ఎస్ దారి ఎప్పుడు మేలు? వెబ్ సర్వర్ నడపకుండా డొమైన్ పేరు మాత్రమే ఉంచుకున్నవారికి ఇది సులువు. చెల్లించేవారి వివరాలు గ్రహీతకు ముందుగా తెలియకుండా ఉండటం మరో లాభం. వెబ్ దారిలో గ్రహీత సర్వర్‌కు చెల్లించేవారి ఐపీ చిరునామా నేరుగా కనిపిస్తుంది. డీఎన్‌ఎస్‌లో ఆ ప్రశ్న మధ్యనున్న రిజాల్వర్ (మన తరఫున జవాబు వెతికిపెట్టే సర్వర్) మీదుగా వెళుతుంది, చాలాసార్లు దాచి ఉంచిన జవాబుతోనే అక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైన కారణం ఇంకొకటి ఉంది. సంతకం చేసిన డీఎన్‌ఎస్ జవాబును మూట కట్టి ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చు. ఇంటర్నెట్ కనెక్షన్ లేని హార్డ్‌వేర్ వాలెట్ కూడా ఆ మూటను విప్పి, ఈ ఖాతా ఫలానా డొమైన్‌దేనని తానే సరిచూసుకోగలదు. హెచ్‌టీటీపీఎస్ సంభాషణను అలా మూడోవారికి రుజువు చేసి చూపలేం.

హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అనే భరోసా ఇక్కడ చెల్లదు

ఈ భాగాన్ని దాటవేయకండి. నేను చూసిన రూపకల్పనల్లో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరిగాయి.

వెల్‌-నోన్ దారిలో చెల్లించేవారి సాఫ్ట్‌వేర్ ఎగ్జాంపుల్.కామ్‌కు వెళుతుంది. ఎవరైనా డీఎన్‌ఎస్ జవాబును మార్చి తమ యంత్రానికి మళ్లించినా, ఎగ్జాంపుల్.కామ్ పేరుమీద సర్టిఫికెట్ చూపలేరు కాబట్టి కనెక్షన్ అక్కడే తెగిపోతుంది. సర్టిఫికెట్ మనకు కాపలా కాసింది.

ఇప్పుడు డీఎన్‌ఎస్ దారి చూడండి. ఎగ్జాంపుల్.కామ్ చెల్లింపు సేవ ఎక్కడ అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. మధ్యలో ఉన్న దొంగ తన సొంత వెబ్ చిరునామాను జవాబుగా ఇస్తాడు. సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాకు హెచ్‌టీటీపీఎస్ ద్వారానే వెళుతుంది. అక్కడ సర్టిఫికెట్ ఉంటుంది, అది నిజమైనదే, ఆ దొంగ డొమైన్‌కు సక్రమంగా జారీ అయినదే. తాళం గుర్తు కనిపిస్తుంది, డబ్బు పోతుంది. ఎక్కడా ఏ హెచ్చరికా రాదు. డీఎన్‌ఎస్‌లో వెబ్ చిరునామాను ఉంచే యూఆర్‌ఐ రికార్డును నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 7553 కూడా తన భద్రత విభాగంలో ఈ ప్రమాదాన్ని ప్రస్తావిస్తుంది.

డీఎన్‌ఎస్ జవాబులను కల్తీ చేయడం ఊహాజనితమైన ముప్పు కాదు. రిజాల్వర్ల జ్ఞాపకంలోకి దొంగ జవాబులను ఎంత సులువుగా చొప్పించవచ్చో 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ చూపించినప్పుడు, ప్రధాన డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ తయారీదారులు చాలామంది కలిసి ఒకేసారి సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. ఆ సవరణలు దాడిని కష్టతరం చేశాయి, అసాధ్యం చేయలేదు. అసలు విరుగుడు డీఎన్‌ఎస్‌సెక్, అంటే రికార్డులకు డిజిటల్ సంతకం. దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 4033, 4034, 4035 రూపంలో 2005లో ప్రచురించారు. డీఎన్‌ఎస్ అంచెలన్నిటికీ పైనుండే రూట్ జోన్‌కు 2010 జులైలో సంతకం జరిగింది. కాబట్టి చెల్లింపు సేవలకు నియమం ఒక్కటే: సంతకం సరిచూడలేని జవాబును జవాబే లేనట్టు లెక్కించాలి.

మొదటి అడుగు: ఏ రకం రికార్డు?

మీరు ప్రచురించేది సేవ చిరునామానా, లేక ఖాతా వివరాలనా అన్నదాన్ని బట్టి ఎంపిక ఉంటుంది.

సేవ ఒక వెబ్ చిరునామా అయితే యూఆర్‌ఐ రికార్డు దానికి కుదిరినట్టు సరిపోతుంది. దీన్ని పాట్రిక్ ఫాల్‌స్ట్రోమ్, ఓలాఫ్ కోల్క్‌మన్ 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7553గా రాశారు. రకం సంఖ్య 256. ఇందులో ప్రాధాన్యం, బరువు, ఆ తర్వాత పూర్తి చిరునామా ఉంటాయి. చిరునామాలో మార్గం, స్కీము (హెచ్‌టీటీపీఎస్ వంటిది) అన్నీ పడతాయి. పొడవు విషయంలో 255 బైట్ల అడ్డంకి కూడా లేదు.

ఎస్‌ఆర్‌వీ రికార్డు ఇంకా పాతది, అందరికీ తెలిసినది. 2000 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2782 దీనికి ఆధారం. ఇది యంత్రం పేరు, పోర్టు సంఖ్య మాత్రమే చెబుతుంది. వెబ్ చిరునామాలో మిగతా భాగాన్ని చెప్పలేదు. అందువల్ల సొంత ప్రోటోకాల్ మీద నడిచే సేవలకు బాగుంటుంది గానీ వెబ్ ఆధారిత సేవలకు కురచగా ఉంటుంది.

అడిగిన పేరును నియమాల ప్రకారం మరో చిరునామాగా మార్చే ఎన్‌ఏపీటీఆర్ రికార్డు శక్తిమంతమైనదే. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌ల కోసం నడిచే పెప్పోల్ నెట్‌వర్క్‌లో గ్రహీత గుర్తింపును హ్యాష్‌గా (అసలు పేరు నేరుగా తెలియని సంకేత ముద్రగా) మార్చి డీఎన్‌ఎస్‌లో వెతుకుతారు, జవాబు ఎన్‌ఏపీటీఆర్ రూపంలో వస్తుంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవారికి దీన్ని నేను సూచించను. ఇందులోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (అక్షర నమూనాలను వివరించే సూత్రాల) వల్ల వచ్చే తప్పులను పట్టుకోవడం కష్టం.

ఇక టెక్స్ట్ రికార్డు. ప్రమాణాల పట్ల పట్టింపు ఉన్నవారికి ఇది నచ్చదు, ఎందుకంటే ప్రతివారూ ఏదో ఒకటి ఇందులోనే కుక్కుతారు. కానీ ఏ కంట్రోల్ ప్యానెల్‌లోనైనా ఇది దొరుకుతుంది. నేడు చెల్లింపుల కోసం డీఎన్‌ఎస్‌ను వాడుతున్న ప్రధాన ప్రమాణాలు దీన్నే ఎంచుకున్నాయి. మొనెరో అనే క్రిప్టో నాణెపు వర్గం నుంచి వచ్చిన ఓపెన్‌ఏలియాస్ ఒకటి. దాని రికార్డు "ఓఏ1:" అన్న గుర్తుతో మొదలై, ఏ నాణెమో, గ్రహీత చిరునామా ఏమిటో చెబుతుంది. 2024లో మాట్ కొరాలో, బాస్టియన్ టెంటూరియే రాసిన బిప్ 353 (బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదన) మరొకటి. ఇందులో వాడుకరి చిరునామా ఈమెయిల్‌లా ఉంటుంది, ముందు బిట్‌కాయిన్ గుర్తు చేర్చి చూపిస్తారు. డీఎన్‌ఎస్‌సెక్ లేనిదే చెల్లదని ఆ ప్రమాణం స్పష్టంగా శాసించింది. అందుకే దాన్ని నేను మంచి నమూనాగా భావిస్తాను.

నా సలహా సూటిగా చెబుతాను. మీరు చేరబోయే వ్యవస్థకు ఇప్పటికే ప్రమాణం ఉంటే అక్షరం మార్చకుండా దాన్నే పాటించండి. లేకపోతే యూఆర్‌ఐ రికార్డుతో మొదలుపెట్టండి.

రెండో అడుగు: రికార్డును ఏ పేరు కింద ఉంచాలి?

చెల్లింపు రికార్డును డొమైన్ శిఖరాన, అంటే ఎగ్జాంపుల్.కామ్ అన్న పేరుమీదే పెట్టకండి. అక్కడ మెయిల్ భద్రతకు సంబంధించినవి, రకరకాల ధ్రువీకరణలకు సంబంధించినవి ఇప్పటికే గుంపుగా ఉంటాయి. అడిగిన ప్రతిసారీ అవన్నీ కలిసి వస్తాయి. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరు వాడితే ఈ గందరగోళం ఉండదు, యంత్రాల పేర్లతోనూ కలిసిపోదు. అలాంటి పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యల నమోదు చూసే ఐయానా ఒక పట్టిక నిర్వహిస్తోంది. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8552 దాన్ని ఏర్పాటు చేసింది. నలుగురూ వాడే సేవను తయారుచేస్తున్నట్టయితే అందులో పేరు నమోదు చేయించుకోండి. కింద నేను వాడిన "_పే" అన్నది ఉదాహరణకు తీసుకున్న పేరే.

ఒకే డొమైన్ కింద చాలామంది గ్రహీతలు ఉంటే ఒక్కొక్కరికి ఒక్కో పేరు కావాలి. బిప్ 353 దీన్ని చక్కగా పరిష్కరించింది. వాడుకరి పేరు, ఆ తర్వాత "యూజర్" అన్న స్థిరమైన మాట, ఆ తర్వాత "_బిట్‌కాయిన్-పేమెంట్", చివర డొమైన్. మధ్యలో స్థిరమైన మాట ఉండటం వల్ల ఆ భాగాన్నంతా విడిగా మరో సర్వర్‌కు అప్పగించే వీలుంటుంది.

వాడుకరి పేర్ల విషయంలో ముందే కట్టుబాటు పెట్టుకోండి. డీఎన్‌ఎస్‌లో ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటే. చుక్క పెడితే పేరు రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క 63 బైట్లు, మొత్తం పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు వంటి లిపుల్లో పేరు కావాలంటే ఇంగ్లిషు అక్షరాల రూపమైన ప్యూనీకోడ్‌లోకి మార్చాలి, అలా మార్చాక పొడవు పెరుగుతుంది. చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే అనుమతిస్తే తర్వాత తలనొప్పులు తగ్గుతాయి.

మూడో అడుగు: రికార్డు రాయడం

యూఆర్‌ఐ రికార్డు ఇలా ఉంటుంది:

_పే._టీసీపీ.ఎగ్జాంపుల్.కామ్. 3600 ఐఎన్ యూఆర్‌ఐ 10 1 "హెచ్‌టీటీపీఎస్://పే.ఎగ్జాంపుల్.కామ్/వి1"

3600 అన్నది టీటీఎల్, అంటే ఈ జవాబును ఎన్ని సెకన్ల పాటు దాచుకోవచ్చో చెప్పే సంఖ్య. 10 ప్రాధాన్యం. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే ఆ సేవకు అంత ముందు వంతు. 1 బరువు. ఒకే ప్రాధాన్యం ఉన్న రికార్డుల మధ్య పనిని ఏ నిష్పత్తిలో పంచాలో అది చెబుతుంది.

టెక్స్ట్ రూపం కావాలంటే:

మాయ.యూజర్._బిట్‌కాయిన్-పేమెంట్.ఎగ్జాంపుల్.కామ్. 1800 ఐఎన్ టీఎక్స్‌టీ "బిట్‌కాయిన్:..."

ఇక్కడ చేతివేళ్లకు తగిలే ముళ్లు కొన్ని ఉన్నాయి. టెక్స్ట్ రికార్డులో ఒక్కో కొటేషన్ ముక్క 255 బైట్లకు మించకూడదు. అంతకంటే పొడవైనదాన్ని ముక్కలుగా విడగొట్టి పక్కపక్కన రాయాలి. చదివే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఖాళీ చేర్చకుండా వాటిని అతికించుకోవాలి. జోన్ ఫైలులో సెమికోలన్ వ్యాఖ్యకు గుర్తు. కొటేషన్ గుర్తులు మరిచిపోతే దాని తర్వాతిదంతా మాయమవుతుంది. ఓపెన్‌ఏలియాస్‌లో ప్రతి వివరం తర్వాతా సెమికోలన్ వస్తుంది కాబట్టి ఈ తప్పు అక్కడ తరచూ జరుగుతుంది.

కంట్రోల్ ప్యానెల్ వాడేవారు మరోటి గమనించాలి. చాలా ప్యానెళ్లు మీరు రాసిన పేరు చివర డొమైన్‌ను తామే చేరుస్తాయి. పూర్తి పేరు రాస్తే ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అయి కూర్చుంటుంది. ఒకసారి నేను ఒక సాయంత్రమంతా సంతకాలను అనుమానిస్తూ గడిపాక, లోపం ఇదేనని తేలింది. అప్పటి నుంచి రికార్డు పెట్టగానే మొదట పేరునే చూస్తాను.

మీ డీఎన్‌ఎస్ సేవ యూఆర్‌ఐ రకాన్ని ఇవ్వకపోతే, తెలియని రకాలను రాయడానికి ఆర్‌ఎఫ్‌సీ 3597 చెప్పిన సాధారణ రూపం ఉంది. రకం పేరు బదులు "టైప్256" అని, విలువను హెక్సాడెసిమల్‌లో ఇవ్వాలి. అదీ ఒప్పుకోకపోతే సేవను మార్చుకోవడమే మంచిది.

చివరగా, కొత్త పేరును రికార్డు పెట్టకముందే పదేపదే వెతికి చూడకండి. "అలాంటిదేమీ లేదు" అన్న జవాబును కూడా రిజాల్వర్లు దాచుకుంటాయి. ఎంతసేపన్నది మీ జోన్‌లోని ఎస్‌ఓఏ రికార్డు నిర్ణయిస్తుంది. ముందు పెట్టండి, తర్వాత చూడండి.

నాలుగో అడుగు: సంతకం

సంతకం లేనంత వరకు పైన రాసినదాన్ని ఎవరికీ ప్రకటించకండి.

మీ డీఎన్‌ఎస్ సేవ సంతకాన్ని తానే నిర్వహిస్తే ఒక మీట నొక్కడంతో పని అయిపోతుంది. సొంత సర్వర్ అయితే, బైండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో 9.16 వెర్షన్ నుంచి ఉన్న డీఎన్‌ఎస్‌సెక్-పాలసీ అనే అమరిక కీలను తయారుచేయడం, సంతకాలను గడువులోపు తాజా చేయడం వంటివి తానే చూసుకుంటుంది. సంతకపు విధానం ఎంచుకోవలసి వస్తే 13వ సంఖ్య గలదాన్ని, అంటే పీ-256 వక్రం మీద నడిచే ఈసీడీఎస్‌ఏను తీసుకోండి. సంతకాలు చిన్నవిగా ఉంటాయి, జవాబు బరువెక్కదు.

వరుస ముఖ్యం. మొదట జోన్ అంతటికీ సంతకం జరగాలి. సంతకం లేని పాత జవాబులు రిజాల్వర్ల నుంచి తొలగిపోయేదాకా ఆగాలి. ఆ తర్వాతే మీ రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసిన సంస్థ) ద్వారా డీఎస్ రికార్డును పై జోన్‌లో (ఎగ్జాంపుల్.కామ్‌కు అది .కామ్) పెట్టించాలి. మీ కీ మీకు చెందినదేనని పైవారు సాక్ష్యం చెప్పేది ఆ డీఎస్ రికార్డే. సంతకాన్ని తీసివేయాలన్నా, డీఎన్‌ఎస్ సేవను మార్చాలన్నా సాధారణంగా ఈ వరుసను తిరగేయాలి: ముందు డీఎస్ తొలగించి, దాని టీటీఎల్ గడిచాక మిగతాది. పాత డీఎస్ పైన ఉండిపోయి కింద కొత్త సర్వర్ వస్తే, సంతకం సరిచూసే ప్రతి రిజాల్వర్‌కూ మీ డొమైన్ అంతా మూతపడినట్టే. చెల్లింపులే కాదు, వెబ్‌సైట్, మెయిల్ కూడా అందవు.

ఐదో అడుగు: పరీక్ష

డిగ్ అనే కమాండ్‌తో రికార్డు పేరు, రకం ఇచ్చి, "+డీఎన్‌ఎస్‌సెక్" చేర్చి అడగండి. జవాబులో మీ రికార్డుతోపాటు ఆర్‌ఆర్‌సిగ్ అనే సంతకపు రికార్డు కూడా రావాలి. పై వరుసలో ఉండే జెండాల్లో "ఏడీ" కనిపిస్తే, రిజాల్వర్ సంతకాన్ని సరిచూసిందని అర్థం. కానీ ఏడీ జెండా రిజాల్వర్ చెప్పిన మాటే. రిజాల్వర్‌కూ మీకూ మధ్య ఎవరైనా ఉంటే వారూ ఆ జెండా ఎత్తగలరు.

అందుకే డెల్వ్ వాడండి. ఇది బైండ్‌తోపాటే వస్తుంది, రూట్ నుంచి మీ రికార్డు దాకా ఉన్న గొలుసును మీ యంత్రంలోనే సరిచూస్తుంది. "ఫుల్లీ వ్యాలిడేటెడ్" అని వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

డిగ్ "సర్వ్‌ఫెయిల్" అంటే, అదే ప్రశ్నను "+సీడీ" చేర్చి మళ్లీ అడగండి. సరిచూడకుండానే జవాబివ్వమని దాని అర్థం. ఇప్పుడు జవాబు వస్తే లోపం సంతకంలో ఉంది. ఇప్పటికీ రాకపోతే సర్వర్లో ఉంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

తప్పు జరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ సరిగా తిరస్కరిస్తోందా అన్నది కూడా పరీక్షించాలి. విడి డొమైన్ ఒకటి తీసుకుని, దాని డీఎస్ రికార్డును కావాలని తప్పుగా పెట్టి చూడండి. చెల్లింపు ముందుకు సాగితే మీ సాఫ్ట్‌వేర్‌లో రంధ్రం ఉన్నట్టే.

ఆరో అడుగు: చెల్లించేవారి వైపు సాఫ్ట్‌వేర్

గ్రహీత వైపు పని రికార్డు పెట్టడంతో సరి. చెల్లించేవారి వైపు సాఫ్ట్‌వేర్ రాసేవారి బాధ్యత అంతకంటే పెద్దది.

సంతకాన్ని మీ ప్రోగ్రామ్‌లోనే సరిచూడండి. లిబ్‌అన్‌బౌండ్ వంటి లైబ్రరీలు ఈ పని చేస్తాయి. బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌కు నచ్చిన డీఎన్‌ఎస్ రికార్డును నేరుగా అడిగే అవకాశం లేదు. అలాంటప్పుడు 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8484 నిర్వచించిన డీఎన్‌ఎస్-ఓవర్-హెచ్‌టీటీపీఎస్ ద్వారా అడగవచ్చు. అది దారిని కాపాడుతుంది, జవాబిచ్చిన రిజాల్వర్ నిజాయతీని మాత్రం కాదు. ఇక్కడ మరో చక్కని ఉపాయం ఉంది. రూట్ నుంచి రికార్డు వరకు ఉన్న సంతకాలన్నిటినీ ఒక వరుసలో పేర్చే రూపాన్ని ఆర్‌ఎఫ్‌సీ 9102 ఇచ్చింది. మీ సర్వర్ ఆ గొలుసును తెచ్చి అందించవచ్చు, సరిచూడటం వాడుకరి పరికరంలోనే జరగాలి. బిప్ 353 కూడా ఈ రూపాన్నే వాడుతుంది. రూట్ కీని ప్రోగ్రామ్‌లో శాశ్వతంగా బిగించకండి. అది 2018 అక్టోబరులో ఒకసారి మారింది, ఇకముందూ మారుతుంది.

జవాబులో వచ్చినదంతా చెల్లింపు వివరమే అనుకోవద్దు. డొమైన్ యజమాని గతంలో నక్షత్రపు గుర్తుతో అన్ని పేర్లకూ వర్తించే టెక్స్ట్ రికార్డు పెట్టి ఉంటే, మీరు ఏ పేరు అడిగినా అదే వస్తుంది. మొదటి అక్షరాలను చూసి, మీ ప్రమాణానికి చెందినదాన్నే తీసుకోండి. అలాంటివి ఒకటికంటే ఎక్కువ దొరికితే? బిప్ 353 మొత్తాన్నీ చెల్లనిదిగా చూడమంటుంది. డబ్బు విషయంలో ఊహించి ఎంచుకోవడం కంటే ఆగిపోవడం మేలు కాబట్టి నేనూ అదే పాటిస్తాను.

ప్రాధాన్యం, బరువు గురించి ఒక హెచ్చరిక. ఒకే సేవకు చెందిన రెండు సర్వర్ల మధ్య బరువు ప్రకారం యాదృచ్ఛికంగా ఎంచుకోవడంలో తప్పు లేదు. రెండు వేర్వేరు చెల్లింపు సేవల మధ్య అలా పాచిక వేయకండి. రుసుములు వేరు, నియమాలు వేరు. ప్రాధాన్యం గ్రహీత ఇష్టాన్ని చెబుతుంది. దాన్ని వరుసగా చూపించి, ఎంపికను చెల్లించేవారికే వదిలేయండి.

మొదటి సేవ స్పందించకపోతే రెండోదానికి వెళ్లడం ఎస్‌ఆర్‌వీ నాటి నుంచి ఉన్న అలవాటు. చెల్లింపుల్లో ఇది రెండుసార్లు డబ్బు పంపే ప్రమాదాన్ని తెస్తుంది. మొదటి సేవకు చెల్లింపు ఆదేశం చేరి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అందువల్ల ఆదేశం పంపకముందు మాత్రమే మరో సేవకు మారాలి. పంపాక, అదే లావాదేవీ సంఖ్యతో అదే సేవను మళ్లీ అడిగి ఏం జరిగిందో తేల్చుకోవాలి. అది తేలేదాకా రెండో తలుపు తట్టకూడదు.

తెరమీద వాడుకరికి కనిపించవలసింది వారు టైప్ చేసిన డొమైన్ పేరు. సంతకం హామీ ఇచ్చేది ఆ పేరుకే. ఆ పేరు సరైన వ్యక్తిదా, ఒక అక్షరం తేడాతో మరొకరిదా అన్నది సంతకం చెప్పదు. కనుక ఆ పేరును పెద్ద అక్షరాల్లో, కుదించకుండా చూపండి.

ఏడో అడుగు: వాడుకరుల జాబితా బయటపడకుండా

డీఎన్‌ఎస్‌లో పెట్టినది బహిరంగం. ఖాతా సంఖ్యను చెప్పడానికి 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8905 నిర్వచించిన పేటూ అనే యూఆర్‌ఐ రూపం ఉంది. దాన్ని రికార్డులో పెట్టడం సాధ్యమే. అయినా వ్యక్తుల బ్యాంకు ఖాతాలను అలా వీధిగోడమీద రాయడం నాకు సమ్మతం కాదు. సేవ చిరునామాను మాత్రమే డీఎన్‌ఎస్‌లో ఉంచి, ఖాతా వివరాలను ఆ సేవ ద్వారా ఇప్పించండి. బిట్‌కాయిన్ చిరునామా పెట్టవలసి వస్తే, ఒకే చిరునామాకు వచ్చిన మొత్తాలన్నీ ఎవరైనా లెక్కపెట్టగలరు కాబట్టి దాన్ని తరచూ మార్చండి.

డీఎన్‌ఎస్‌సెక్ వల్ల కొత్తగా వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఒక పేరు లేదని నిరూపించడానికి వాడే ఎన్‌సెక్ రికార్డు, ఆ తర్వాత ఉన్న పేరును చెబుతుంది. వాటిని ఒకదాని వెంట ఒకటి పట్టుకుపోతే మీ వాడుకరులందరి జాబితా చేతికొస్తుంది. 2008లో వచ్చిన ఎన్‌సెక్3 పేర్లను హ్యాష్‌గా మార్చి చూపుతుంది గానీ, మామూలు పేర్లను ఊహించి సరిపోల్చడం నేటి కంప్యూటర్లకు పెద్ద పనేమీ కాదు. వాడుకరుల పేర్లు గోప్యం కావాలంటే, అడిగిన పేరు చుట్టూ మాత్రమే సరిపోయేంత చిన్న రుజువును అప్పటికప్పుడు సంతకం చేసి ఇచ్చే సర్వర్ వాడాలి. ఈ పద్ధతిని 2006లోనే ఆర్‌ఎఫ్‌సీ 4470 వివరించింది.

చివరి అడుగు: ఖాతా మార్చేటప్పుడు

మామూలు రికార్డు మార్చడం అందరికీ తెలిసినదే. ముందు రోజు టీటీఎల్‌ను 300కు తగ్గించి, పాత గడువు పూర్తయ్యాక విలువ మార్చి, తర్వాత టీటీఎల్‌ను యథాస్థితికి తేవాలి.

సంతకం చేసిన చెల్లింపు రికార్డుకు ఇది చాలదు. ప్రతి ఆర్‌ఆర్‌సిగ్ సంతకానికీ సొంత గడువు తేదీ ఉంటుంది. బైండ్‌లో మామూలు అమరిక ప్రకారం అది 14 రోజులు. మీరు రికార్డు మార్చినా, పాత రికార్డు మీది పాత సంతకం ఆ తేదీ దాకా చెల్లుతూనే ఉంటుంది. దారిలో ఉన్న దురుద్దేశపరుడు దాన్ని దాచిపెట్టి, మళ్లీ మళ్లీ చూపించగలడు. సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు అందులో తప్పేమీ కనిపించదు.

కాబట్టి పాత ఖాతాను గానీ, పాత సేవను గానీ రికార్డు మార్చిన వెంటనే మూసివేయవద్దు. సంతకపు గడువు, దానికి తోడు టీటీఎల్ రెండూ గడిచాకే మూయండి. ఖాతా ఇతరుల చేతిలో పడిందన్న అనుమానంతో మారుస్తుంటే ఆ 14 రోజులు ఆగే వీలుండదు. అప్పుడు సంతకం చేసిన కీనే మార్చి, పై జోన్‌లోని డీఎస్‌ను కొత్త కీకి మార్పించాలి. పాత డీఎస్ దాచిన కాపీలు, దానిమీది పై జోన్ సంతకం గడువు తీరాక పాత రికార్డు ఎవరు చూపినా చెల్లదు. ఈ పనిని మొదటిసారి ఆపదలో చేయకండి. చెల్లింపులు మొదలుకాకముందే విడి డొమైన్ మీద ఒకసారి చేసి చూసి, పట్టిన సమయాన్ని రాసి పెట్టుకోండి. డొమైన్ గడువు తేదీని కూడా అదే కాగితం మీద రాయండి: అది ముగిసి పేరు ఇంకొకరి చేతికి వెళితే, వారు కొత్త కీతో చేసిన సంతకం కూడా సక్రమంగానే సరిపోతుంది, మీకు రావలసిన డబ్బు వారికి చేరుతుంది.